బోరబండ వైపు ఇళ్ళు లేవు

ఆ ఉదయం పట్టాభిరామయ్య వరండాలో పేపరు చదువుతూ మధ్యమధ్యలో తలెత్తి ఆకాశం వైపు చూస్తున్నాడు. ఎనిమిదిన్నర దాటినా ఒక్క విమానం రాలేదు. రెండు నెలలుగా జూబ్లీ హిల్స్‌లో వాళ్ళ వీధికి పట్టిన అదృష్టం అది. అంతకుముందు ఏడాది పాటు శిక్షణ విమానాలు పొద్దున మొదలుపెడితే సాయంత్రం దాకా ఇళ్ళ మీదే గిరగిరా తిరిగేవి. పార్శ్వపు నొప్పితో బాధపడే భార్య శారదాదేవి, ఒక్కో విమానం పోయేదాకా దిండు చెవులకి నొక్కుకుని పడుకునేది.

ఆమె బాధ చూడలేకే ఆయన కాలనీ సంఘాన్ని కదిలించాడు. రోడ్లు భవనాల శాఖలో ఇంజనీరుగా రిటైరైన మనిషి. ఏ రోజు ఎన్ని విమానాలు ఎన్ని గంటలకి వచ్చాయో రాసి, సంతకాలు చేయించి, ఎనిమిది నెలలు ఆఫీసుల చుట్టూ తిరిగాడు. చివరికి దారి మళ్ళించారు. ఆ రోజు సాయంత్రం ఫిల్మ్ నగర్‌లో ఒక నిర్మాత ఇంటి తోటలో ఆయనకి సన్మానం.

"పట్టుచీర కట్టుకో. నీకూ దండ వేస్తారట," అన్నాడు కాఫీ అందుకుంటూ.

"నేను రానండి," అంది శారదాదేవి.

తలనొప్పేమో అనుకున్నాడు. ఆమె కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. ప్రతి గురువారం గుడికని చెప్పి తను వెళ్తున్నది బోరబండకని చెప్పింది. అక్కడ వాళ్ళ కూతురు మంజులత ఉంది. ఫ్యాక్టరీలో పనిచేసే దేవకుమార్‌ని చర్చిలో పెళ్ళి చేసుకుందని మూడేళ్ళుగా ఈ ఇంట్లో ఆ పేరెత్తనివ్వలేదు ఆయన.

"నిన్న కూడా వెళ్ళాను. దేవకుమార్ కుడిచేతి వేళ్ళు మూడు మిషన్లో పడి తెగిపోయాయి."

ఆయన పేపరు మడుస్తూ, మిషన్ దగ్గర ఒళ్ళు దగ్గర పెట్టుకుని పని చేయాలని గొణిగాడు.

"అతనిది నైట్ డ్యూటీ. పగలే పడుకోవాలి. రెండు నెలలుగా ఆ రేకుల కప్పు మీదుగా పది నిమిషాలకో విమానం పోతుంటే ఎలా పడుకుంటాడు? నిలబడే కునికాడట."

"విమానాలు అటు తిప్పుతారని నాకేం తెలుసు?"

"తెలుసండీ మీకు. అటు తిప్పమని రాసిందే మీరు. బోరబండ వైపు రాళ్ళ గుట్టలు తప్ప జనావాసం లేదని రాశారు. విమానాల మీద ఫిర్యాదుకెళ్తే ఆఫీసులో చూపించిన ఆ కాగితం నకలు మంజు చదివింది."

శారదాదేవి కన్నీళ్ళు తుడుచుకోలేదు. తన తల హాయిగా ఉన్న రోజులన్నీ ఆ పిల్లాడి నిద్ర లాక్కున్నవేనని తెలిశాక ఈ నిశ్శబ్దం భరించలేకపోతున్నానంది.

సన్మానం దగ్గర ఆయన దండ వేయించుకోలేదు. జరిగింది చెప్పి, దారి మార్చమని మళ్ళీ అర్జీ పెడదామన్నాడు. ఎవరూ కోప్పడలేదు. పాపం అన్నారు, ఆ కుర్రాడికి చందా వేస్తామన్నారు. సంతకం మాత్రం ఒక్కరూ పెట్టలేదు.

మర్నాడు భార్యాభర్తలిద్దరూ బోరబండ వెళ్ళారు. మెట్లదారి పొడుగునా ఇళ్ళే, గోడకి గోడ ఆనించి. మంజులత గుమ్మంలో తండ్రిని చూసి పక్కకి తొలగింది గాని రమ్మనలేదు. లోపల దేవకుమార్ కట్టుకట్టిన చెయ్యి గుండెల మీద పెట్టుకుని మంచం మీద కూర్చున్నాడు. అతని తల్లి కృపమ్మ వియ్యంకుడికి స్టూలు వేసి, గోడవారన నిలబడింది.

విమానం వచ్చింది. కప్పు రేకులు దడదడలాడాయి. అది పోయేదాకా ఎవరూ నోరు విప్పలేకపోయారు.

"మేమిక్కడున్నామని మరిచిపోయి రాశావనుకున్నాను నాన్నా," అంది మంజులత. "అలా అనుకునే ఊరుకున్నాను."

పట్టాభిరామయ్య తల దించుకున్నాడు. దారిలో కూర్చుకున్న సమాధానాలన్నీ వదిలేశాడు.

"మరిచిపోయి కాదమ్మా. ఆ మాట రాసేటప్పుడు నువ్వే గుర్తొచ్చావు. గుర్తొచ్చాకే రాశాను."

మంజులత చీర చెంగు నోట్లో కుక్కుకుని గోడవైపు తిరిగింది. శారదాదేవి ఆమెని పట్టుకుంది.

దేవకుమార్ మంచం దిగాడు. "మళ్ళీ రాయండి. ఈసారి ఇళ్ళు లెక్కపెట్టి రాయండి. నేనొచ్చి చూపిస్తాను."

అతను కట్టు చెయ్యి ఎత్తిపట్టుకుని ముందు నడిచాడు. ఆయన వెనక కాగితం పట్టుకుని. నాలుగు రోజులు గడప గడపా తిరిగి, ఎన్ని కుటుంబాలో, పగలు పడుకోవలసిన వాళ్ళెందరో రాశారు. అర్జీ అడుగున ఆయన తన మొదటి మాట అబద్ధమని కూడా రాసి సంతకం చేశాడు. ఆ తర్వాత కాలనీలో ఆయన్ని పలకరించేవాళ్ళు తగ్గిపోయారు.

జవాబు రావడానికి ఏడు నెలలు పట్టింది. దారి మార్చడం కుదరదని, పొద్దుట నుంచి మధ్యాహ్నం రెండు గంటల దాకా మాత్రం శిక్షణ ఆపుతామని రాశారు. అప్పటికి దేవకుమార్‌కి మిషన్ మీద పని పోయింది. అదే ఫ్యాక్టరీ గేటు దగ్గర సగం జీతానికి కాపలా, పగటి డ్యూటీ. అతనికిక పగటి నిద్రతో పనిలేదు.

ఆ ఆదివారం మంజులతా వాళ్ళు చర్చి నుంచి బోరబండ ఇంటికొచ్చేసరికి పట్టాభిరామయ్య గుమ్మంలోనే ఉత్తరం విప్పి, అందరికీ వినబడాలని గొంతు పెంచి చదవబోయాడు. దేవకుమార్ మెల్లగా ఆయన భుజం మీద చెయ్యి వేశాడు.

"నెమ్మదిగా మావయ్యా. పక్కింటి ఆదినారాయణ రాత్రి డ్యూటీ నుంచి వచ్చి ఇప్పుడే పడుకున్నాడు."

మావయ్యా అని అతను పిలవడం అదే మొదటిసారి. పట్టాభిరామయ్య తలూపాడు. మసకబారిన కళ్ళకి అక్షరాలు కనబడక, ఉత్తరం కూతురి చేతికిచ్చాడు. మంజులత గొంతు తగ్గించి, ఆయన చెవి దగ్గరగా వంగి చదవసాగింది.