మూడు కాడల గుత్తి

దుప్పటిని కోసింది మతీన్. చెడగొట్టాలని కాదు, బాగుచెయ్యాలని.

మైపాడు సెంటర్ నుంచి బీచ్‌కి పోయే రోడ్డు పక్కన అతని షెడ్డు ఉంది. పైన రేకులు, మూడు వైపులా గోడ, రోడ్డు వైపు ఏమీ లేదు. వాళ్ల నాన్న చోటే సాహెబ్ అందులో వలలు బాగుచేసేవాడు. ఆయనకు చూపు తగ్గాక ఆ పని మతీన్‌కు వచ్చింది.

వలకు చిరుగు పడితే ముందు చిరుగు చుట్టూ తెగిన కన్నులన్నీ కోసి పారేస్తారు. అంచు సాపుగా వచ్చాక, గట్టిగా ఉన్న ముడి దగ్గర కొత్త అల్లిక మొదలుపెడతారు. వలలో ప్రతి కన్నూ ముడుల మీద నిలబడుతుంది. ఎక్కడ కోసినా తెగుడు పక్క ముడి దగ్గర ఆగిపోతుంది.

మతీన్ ఊలు దుప్పటిని కూడా అలాగే కోశాడు. కోసి, వేలాడుతున్న పోగును లాగాడు. పోగు వచ్చింది. మళ్లీ లాగాడు. మళ్లీ వచ్చింది. ఊలు అల్లికలో ముడులు ఉండవని అతనికి తెలియదు. ఒక లూపును ఇంకో లూపు పట్టుకుని ఉంటుంది, అంతే. అతను చెయ్యి ఆపేసరికి నాలుగు గళ్లు ఊడిపోయాయి. గులాబీ, పసుపు, నీలం ఊలు ఒళ్లో ఉంగరాలు ఉంగరాలుగా పడి ఉంది.

అప్పుడే వాన మొదలైంది. నెల్లూరు బస్సు దిగిన ఫరీన్ తలమీద హ్యాండ్‌బ్యాగ్ పెట్టుకుని షెడ్డులోకి వచ్చింది. ఆమె నెల్లూరులో ఒక కంప్యూటర్ సెంటర్‌లో పనిచేస్తుంది.

“గొడుగు లేదా?” అన్నాడు మతీన్.

“ఉంది. బస్సులో ఉంది. బస్సు పోయింది.”

అతను నవ్వలేదు. ఎప్పుడూ నవ్వే మనిషి నవ్వకపోవడంతో ఆమె అతని వైపు చూసింది. తర్వాత అతని ఒళ్లోకి చూసింది.

“ఏందది?”

మతీన్ దాచలేదు. దాచడానికి దుప్పటి పెద్దది.

“అమ్మీది కదా అది.”

“చిరిగింది. బాగుచేద్దామని...”

“నీకెవరు చెప్పినారు బాగుచెయ్యమని?”

చెప్పింది ఆమె తండ్రి యాసీన్. పొద్దున గాలికి ఆరేద్దామని దుప్పటి బయటికి తెస్తుంటే దుకాణం షట్టర్ కొక్కేనికి పట్టుకుని చిరిగింది. యాసీన్ దాన్ని చంకలో పెట్టుకుని రోడ్డు దాటి వచ్చాడు. “ఫరీన్ వచ్చేలోపల అల్లేయ్ అబ్బయా. చిరిగిందని తెలిస్తే అన్నం తినదు. నేనిచ్చినానని మాత్రం చెప్పొద్దు” అన్నాడు.

“ఎవరూ చెప్పలా. నేనే తెచ్చినా” అన్నాడు మతీన్.

ఫరీన్ దుప్పటిలో పడిన కన్నం మీద చెయ్యి పెట్టింది. తర్వాత నెమ్మదిగా అడిగింది.

“అంత తొందరగా ఉందా నీకు?”

ఆ ప్రశ్నకు అర్థం ఆ వీధిలో అందరికీ తెలుసు.

షెడ్డుకు ఎదురుగా ఉన్న ఫ్యాన్సీ దుకాణం యాసీన్‌ది. గుండీలు, జిప్పులు, లేసులు, ఊలు ఉండలు అమ్ముతాడు. ఆయన భార్య జైతూన్‌బీ కౌంటర్ వెనక కూర్చుని క్రోషా సూదితో అల్లేది. మధ్యలో చిన్న చుట్టు, దాని చుట్టూ నిలువు కాడలు కలిసిన గుత్తులు, నాలుగు మూలలు తిరిగితే ఒక గడి. గడికో రంగు. గళ్లన్నీ నల్ల ఊలుతో కలిపితే దుప్పటి. ఆమె తల్లి ఆమెకు అలాంటిదే అల్లి ఇచ్చింది. పెళ్లయి మైపాడు వచ్చినప్పుడు దాన్ని తెచ్చుకుంది. కూతురికి తన చేత్తో ఒకటి అల్లాలని ఆమె పట్టుదల.

మతీన్ ఆ దుకాణంలో గుండీలు కొనేవాడు.

“నీకు చొక్కాలు ఎన్నుండాయి అబ్బయా?” అని ఒకరోజు జైతూన్‌బీ అడిగింది.

“రెండు, చాచీ.”

“మరి ఇన్ని గుండీలు యాడ కుట్టుకుంటాండావు? ఒంటి మీదా?”

లేసుల అలమర వెనక నుంచి ఫరీన్ నవ్వు వినిపించింది. మతీన్ ఆ రోజు చిల్లర తీసుకోకుండా వెళ్లిపోయాడు. మర్నాడు చిల్లర కోసం వచ్చి, ఇంకో అర డజను గుండీలు కొన్నాడు.

చోటే సాహెబ్ పెళ్లి మాట తెచ్చినప్పుడు జైతూన్‌బీ కాదనలేదు. “దుప్పటి కానీ అన్నా. దుప్పటి అయినాక నిఖా మాట” అంది.

దుప్పటి కాలేదు. ఎండలు ముదిరేసరికి ఆమె మంచం పట్టింది. వానలు రాకముందే పోయింది. దుప్పటి మూలన ఒక గడి ఖాళీ ఉండిపోయింది. అక్కడ పెట్టాల్సిన గడికి ఒక వైపు అల్లడం మిగిలింది. సూది లూపులోనే ఉంది. ఫరీన్ ఆ గడిని సూదితో సహా బిస్కెట్ డబ్బాలో పెట్టి అలమర మీద ఉంచింది, దుప్పటిని మడిచి పెట్టింది. ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. తనూ ముట్టుకోలేదు. సూది అందులో ఉన్నంతసేపు అమ్మీ పని ఇంకా నడుస్తున్నట్టే అని ఒకసారి మతీన్‌తో అంది. ఆ తర్వాత అతను గానీ, చోటే సాహెబ్ గానీ పెళ్లి మాట ఎత్తలేదు.

“దుప్పటి బాగై, పూర్తయితే, నిఖా మాట కూడా తేలిపోతుందని కదా” అంది ఫరీన్ ఇప్పుడు.

“లేదు, ఫరీన్.”

“మరెందుకు తెచ్చినావు? చెప్పు.”

మతీన్ వల కత్తి తీసి జేబులో పెట్టుకున్నాడు.

ఆమె దుప్పటి, ఊలు రెండూ పోగుచేసి, ఓణీ కప్పి, వానలోనే రోడ్డు దాటింది. గులాబీ పోగు ఒకటి షెడ్డులో మేకుకు పట్టుకుని ఉండిపోయింది. ఆమె నడిచేకొద్దీ అది రోడ్డుకు అడ్డంగా సాగింది. బీచ్ వైపు నుంచి ఆటో వచ్చింది. మతీన్ పరుగెత్తి పోగును రెండు చేతులతో పైకెత్తి పట్టుకున్నాడు. ఆటోలో నుంచి చెంచయ్య తల బయట పెట్టాడు. అతని వల ఆ షెడ్డులోనే ఉంది.

“ఏందబ్బయా, సముద్రం చాలక రోడ్డు మీద వలేస్తాండావా? ముందు నా వల చూడు.”

ఆటో పోగు కింద నుంచి పోయింది. మతీన్ వానలో నిలబడి పోగును ఉండ చుట్టాడు. చుట్టి దుకాణం మెట్టు మీద, తడవని చోట పెట్టి వచ్చాడు. ఫరీన్ లోపలి నుంచి చూసింది. పలకరించలేదు.

ఆ వాయుగుండం ఉన్నన్నాళ్లూ ఆమె బస్సు దిగి దుకాణం వైపు నుంచే నడిచింది. షెడ్డులోకి రాలేదు. వాన వెలిసిన రోజు అన్నం తింటూ యాసీన్ చెయ్యి ఆపాడు.

“దుప్పటి నేనే ఇచ్చినా వాడికి.”

ఫరీన్ తలెత్తింది.

“షట్టర్‌కి పట్టుకున్నింది. చూసుకోలేకపోయినా. వలలు అల్లేవాడు కదా, ఇదెంత పని అనుకున్నా.”

“మరి ఆ మాట ఆయన చెప్పలేదే?”

“నేను చెప్పొద్దన్నా కదా.”

“నేను అన్ని మాటలు అన్నాక కూడానా, బాబా?”

“వాడు అంతే. వాళ్ల నాయనా అంతే. చెప్పొద్దంటే చెప్పరు. వాళ్లతో వేగడం కష్టం” అన్నాడు యాసీన్. పళ్లెం వైపు చూస్తూనే ఇంకో మాట అన్నాడు. “మీ అమ్మీకి వాడు నచ్చింది కూడా అందుకే.”

మర్నాడు ఆదివారం. ఫరీన్ దుప్పటి, ఊడిన ఊలు సంచిలో పెట్టుకుని షెడ్డుకు వెళ్లింది. మతీన్ చెంచయ్య వల మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో ఉన్నది వల సూది కాదు. క్రోషా సూది. నీలం నైలాన్ తాడుతో ఏదో చేస్తున్నాడు.

“ఇదేంది?”

అతను లేచి నిలబడ్డాడు. “గడి.”

ఆమె తీసుకుని చూసింది. గుత్తి గుత్తికీ ముడి ఉంది. పలకలాగా బిగిసిపోయి ఉంది.

“దీనిమీద టీ గ్లాసు పెట్టొచ్చు.”

“పెట్టినా. నిలబడింది.”

“సూది యాడిది? మా కొట్లో కొనలేదే.”

“నెల్లూరు పోయి కొన్నా. మీ కొట్టుకి రావాలంటే మొహం చెల్లలా.”

“ఎవరు నేర్పినారు?”

“ఫోన్‌లో ఒకామె. ఆమె ఏ భాషో తెలీదు. మాట వదిలేసి చెయ్యి చూసినా.”

ఫరీన్ నవ్వాపుకుంది. “బాబా చెప్పినాడు” అంది. “ఆ రోజు అన్న మాటలు...”

“పోనీలే. కోసింది నేనే కదా.”

ఆమె వల మీద ఒక చివర కూర్చుని సంచి విప్పింది. ఊడిన ఊలుతోనే నాలుగు గళ్లూ మళ్లీ అల్లుతానని చెప్పింది. అతను తలూపాడు. తర్వాత అడిగాడు.

“ఒక సంగతి తెలీలా నాకు. గుత్తికి కాడలు మూడా, రెండా?”

“మూడు. నేను చిన్నప్పుడు రెండేస్తే అమ్మీ సూదితో వేళ్ల మీద కొట్టేది. రెండేస్తే దొంగపని అనేది. మొత్తం ఊడదీయించేది.”

“ఫోన్‌లో ఆమె కూడా మూడే వేసింది. మరి దీంట్లో రెండుండాయే?”

“ఉండవు. అమ్మీ రెండు వెయ్యదు.”

అతను వాదించలేదు. దుప్పటి అంచు ఆమె ఒళ్లోకి జరిపాడు.

ఫరీన్ చూసింది. ఆఖరి వరస గళ్లలో గుత్తుల మీద వేలు పెట్టి కాడలు లెక్కపెట్టింది. రెండు. పక్కది రెండు. పై వరసకు వెళ్లింది. అక్కడా రెండే. ఇంకా పైకి పోతే కొన్ని మూడు, కొన్ని రెండు. ఆ పైన అన్నీ మూడు. ఇన్ని నెలలు ఆ దుప్పటిని ముట్టుకోకుండా మడిచి ఉంచింది కాబట్టి ఆమె అది చూడలేదు.

రెండు మొదలైన చోట గడి చిలకపచ్చ రంగుది. ఆ ఊలు రంజాన్‌లో దుకాణానికి వచ్చింది. కట్ట విప్పింది ఫరీనే. ఆ నెలలోనే జైతూన్‌బీ ఒక్కతే బస్సెక్కి నెల్లూరు డాక్టరు దగ్గరికి వెళ్లి వచ్చింది. ఏమన్నాడని అడిగితే గ్యాస్ అంది. ఇఫ్తార్‌కి కూర్చుని అందరితోపాటు ఖర్జూరం తింది. రోగం సంగతి ఇంట్లో తెలిసింది వేసవిలో.

“గ్యాస్ అన్నింది” అంది ఫరీన్.

మతీన్‌కు అర్థం కాలేదు. ఆమె చిలకపచ్చ గడి చూపించి, డాక్టరు సంగతి చెప్పింది. అతను క్రోషా సూది కింద పెట్టాడు.

“ఆమెకి తెలుసు. అందుకే ఒక్కో కాడ తగ్గించింది. అయిపోవాలని” అంది. “దొంగపని చేసింది మా అమ్మీ.”

నవ్వబోయింది. నవ్వు రాలేదు. దుప్పటిని మొహానికి పెట్టుకుంది. మతీన్ ఆమెను ముట్టుకోలేదు, ఓదార్చలేదు. రోడ్డున పోయేవాళ్లకు కనపడకుండా, ఆరవేసిన వలను దండెం మీద షెడ్డు ముందుకు లాగాడు. లాగి, తను వల అవతల నిలబడ్డాడు.

కాసేపటికి వల వెనక నుంచి ఆమె గొంతు వచ్చింది.

“తొందర నీకు కాదు మతీన్. అమ్మీకి.”

“ఊఁ” అన్నాడు అతను.

ఊడిన గళ్లు ఆమె బస్సులో కూర్చుని అల్లింది. ఊలులో జైతూన్‌బీ వేసిన మెలికలు పోకుండా ఉన్నాయి. ఉతికి బరువు కడితే మెలికలు పోతాయని ఆమెకు తెలుసు. ఉతకలేదు. పాత మెలిక ఉన్న చోటే కొత్త లూపు పడేట్టు చూసుకుంది. ఒక సాయంత్రం మతీన్ అడిగాడు.

“రెండేస్తాండావా, మూడా?”

“మూడు. నాకు టైముంది” అంది ఫరీన్.

శుక్రవారం నమాజు అయ్యాక చోటే సాహెబ్, మతీన్ దుకాణానికి వచ్చారు. రమ్మన్నది ఫరీన్. నాలుగు గళ్లూ దుప్పటిలో చేరి ఉన్నాయి. మూల గడి మాత్రం ఖాళీగా ఉంది. యాసీన్ అలమర మీద నుంచి బిస్కెట్ డబ్బా దించాడు. మూత తీసి కూతురి ముందు పెట్టాడు.

ఫరీన్ సూదిని తల్లి పట్టుకున్నట్టే పట్టుకుంది. మిగిలిన వైపు అల్లింది. గుత్తికి రెండు కాడలే వేసింది. అది జైతూన్‌బీ గడి. నల్ల ఊలుతో గడిని దుప్పటికి కలిపింది. చివర ఒక లూపు మిగిలింది. సూది అందులో ఉంది.

“కత్తి తెచ్చినావా?” అంది.

మతీన్ జేబులో నుంచి వల కత్తి తీశాడు. ఆమెకు ఇవ్వబోయాడు.

“నువ్వే కొయ్యి.”

“నేనొద్దు.”

“ఈ ఊళ్లో కోసేది నువ్వే కదా. కొయ్యి.”

“యాడ?”

ఆమె పోగును జానెడు వదిలి చూపించింది. “ఇక్కడ కోసి, కొసని లూపులో నుంచి లాగితే ఇంక ఊడదు.”

“ముడి పడుతుందా?”

“పడుతుంది. మా అల్లికలో ఒకటే ముడి. ఆఖర్న.”

మతీన్ ఎడం చేత్తో పోగును బిగించి పట్టుకున్నాడు. ఆమె చూపిన చోటే కోశాడు. ఫరీన్ కొసను లూపులో నుంచి లాగింది. లూపు మూసుకుంది. సూది విడివడి ఆమె చేతిలోకి వచ్చింది.

చోటే సాహెబ్‌కు సరిగా కనపడదు. దుప్పటి మీద చెయ్యి వేసి అంచు నుంచి అంచుకు తడిమాడు. ఖాళీ ఎక్కడా తగల్లేదు.

“యాసీన్, దుప్పటి అయినట్టేనా?” అన్నాడు.

యాసీన్ ఖాళీ బిస్కెట్ డబ్బాకు మూత పెట్టాడు. కూతురి వైపు చూశాడు.

ఫరీన్ సూదిని ఎక్కడ పెట్టాలో తెలియక పిడికిట్లోనే పట్టుకుని ఉంది.

“అయింది చాచా” అంది.