నడవగలిగినప్పుడే

మెట్ల మీద సగం దారిలో కూర్చుని, సిస్టరమ్మ మోగని ఫోన్ చెవికి ఆనించుకుని "ఆఁ... ఆఁ... చెప్పు, వింటున్నా" అంటోంది. ఒళ్ళో పేపరూ, పాల ప్యాకెట్టూ ఉన్నాయి. కింది ఇంటాయన దిగిపోతూ పలకరింపుగా తలూపాడు. ఎక్కలేక కూలబడిందని ఎవరూ అనుకోకూడదని ఆమె ఆడుతున్న నాటకమది. ఆరు నెలలుగా సాగుతోంది. మొదట్లో ఒక్క ఫోనుతో సరిపోయేది. ఇప్పుడు మూడో అంతస్తు చేరేసరికి ముగ్గురితో మాట్లాడాల్సి వస్తోంది.

ముప్పై నాలుగేళ్ళు ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి, వార్డు మొత్తాన్ని కంటిచూపుతో నడిపిన మనిషి. ఇంటా బయటా అందరికీ సిస్టరమ్మే. కోడలు కూడా అలాగే పిలుస్తుంది. ఇప్పుడు డెబ్బై నాలుగేళ్ళు. తలుపు తీసుకుని లోపలికొచ్చి, ఆయాసం తగ్గేదాకా గోడకానుకుని నిలబడింది. తర్వాత తిన్నగా కొడుకు ఎదురుగా వెళ్ళి కూర్చుంది.

కొడుక్కి కళ్ళజోళ్ళ షాపుంది. ఆదివారం కావడంతో తీరిగ్గా కాఫీ తాగుతున్నాడు.

"వచ్చే ఆదివారం నేను ఇల్లు మారుతున్నాను" అంది.

"ఎక్కడికి?" నవ్వాడు కొడుకు, హాస్యమనుకుని.

"ఊరి చివర పెద్దవాళ్ళ కాలనీ కట్టారు చూడు, అక్కడికి. కింది అంతస్తులో రెండు గదులు. మొన్న సంతకం కూడా పెట్టేశా."

వంటింట్లో కోడలి చేతిలో గరిట ఆగిపోయింది. కొడుకు కాఫీ కప్పు కింద పెట్టేశాడు. "వృద్ధాశ్రమానికా?"

"కాదురా. ఎవరి ఇల్లు వాళ్ళది, ఎవరి వంట వాళ్ళది. ఒంట్లో బాగోకపోతే గంట నొక్కితే మనిషొస్తారు. నా పింఛనుతో గడిచిపోతుంది."

కొడుకు వెంటనే చెల్లెలికి ఫోన్ చేశాడు. కోర్టులో టైపిస్టుగా పనిచేసే కూతురు రెండు వీధుల అవతలే ఉంటుంది. పావుగంటలో ఊడిపడింది. చెప్పులైనా సరిగా విప్పకుండా వంటింటి వైపు తిరిగింది.

"మా అమ్మ అంత బరువైపోయిందా వదినా నీకు?"

కోడలి కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి.

"ఆమె జోలికి వెళ్ళకు" అంది సిస్టరమ్మ. "ఆమెకూ ఇవాళే తెలిసింది. నీకంటే పావుగంట ముందు."

"మరి ఎందుకమ్మా? కొడుకూ కూతురూ ఉండి గెంటేశారని నలుగురూ అనుకోరూ?"

"ఆ నలుగురినీ రోజూ వచ్చి నన్ను మెట్లెక్కించమను. ఆగిపోతా."

"నేనేం తక్కువ చేశానని?" అన్నాడు కొడుకు.

"తక్కువేం చేయలేదురా, ఎక్కువే చేశావు. ఒక్కసారి పాలు పొంగాయని పొయ్యి దగ్గరికి రానివ్వవు. జారి పడతానేమోనని బాత్రూం గొళ్ళెం ఊడదీయించావు. తలుపుకి కాలు అడ్డం పెట్టుకుని స్నానం చేస్తున్నా నేను. ఆ సంగతి తెలుసా నీకు?"

వాడు బాత్రూం తలుపు వైపు చూశాడు. కూతురు మాత్రం తగ్గలేదు.

"అయితే మా ఇంటికి రా. మాకు మెట్లు కూడా లేవు. రేపు మంచాన పడితే నేను చేయనా? నువ్వు నానమ్మకి పదకొండేళ్ళు చేయలేదూ? ఈ వీధిలో ఇప్పటికీ చెప్పుకుంటారు!"

ఎవరికీ చెప్పకూడదనుకున్న మాట సిస్టరమ్మ గొంతు దాకా వచ్చింది. ఇన్నాళ్ళూ మింగింది చాలనిపించింది.

"చెప్పుకునేవాళ్ళకేం, చెప్పుకుంటారు. వేళకి మందులిచ్చాను, ఒళ్ళు తుడిచాను, పక్కకి తిప్పి పడుకోబెట్టాను. ఒక్క పుండు పడనివ్వలేదు. కానీ చివరి రెండేళ్ళూ పొద్దున్నే ఆ గది తలుపు తీసేటప్పుడు, ఆవిడ ఊపిరి ఆడుతోందా లేదా అని చూసేదాన్ని. ఆడుతుంటే... అయ్యో, ఇవాళ కూడానా అనిపించేది. మంచావిడే. నన్నెప్పుడూ పల్లెత్తు మాటనలేదు. అయినా అనిపించేది. ఆవిడకీ తెలుసు. నా మొహం చూసి కళ్ళు మూసుకునేది."

కూతురి వైపు తిరిగింది.

"నీ కళ్ళల్లో నేనది చూడలేనమ్మా. ఆసుపత్రి వరండాలో ఎన్ని కుటుంబాల్ని చూశానో. తల్లికో తండ్రికో కాలు విరిగాక, ఎక్కడికి తీసుకెళ్ళాలా అని పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకుంటారు. మంచం మీదున్న మనిషిని మాత్రం ఎవరూ అడగరు. ఎవరో అడిగేదాకా నేను ఆగను. నడవగలిగినప్పుడే, నాకు నచ్చిన చోటికి, నా అంతట నేను వెళ్తాను. ఇదేదో త్యాగమనుకుని ఏడవకండి. నాకు కావాలి కాబట్టి వెళ్తున్నా."

కూతురు కుర్చీలో కూలబడింది. నేలకేసి చూస్తూ అంది: "నీ ఫోన్ వస్తే... ఈమధ్య వెంటనే తీయట్లేదమ్మా. మళ్ళీ ఏమైందో అని గుండె జారిపోతుంది. రెండుసార్లు మోగనిచ్చి తీస్తున్నా."

"నాలుగుసార్లు" అంది సిస్టరమ్మ. "లెక్కపెడుతూనే ఉన్నా."

కూతురు ఏడుస్తూనే ఫక్కున నవ్వింది. తల్లి ఒళ్ళో తల పెట్టేసింది. సిస్టరమ్మ ఆ తల నిమిరింది గానీ, మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.

అన్నట్టే ఆదివారం నాడు వెళ్ళిపోయింది. మూడు వారాల తర్వాత పిల్లలిద్దరూ, కోడలూ చెప్పాపెట్టకుండా ఆ కాలనీకి వచ్చారు. గదికి తాళం వేసి ఉంది. వెతుక్కుంటూ వెళితే, సమావేశాల హాల్లో ఇరవైమంది ముసలాళ్ళ మధ్య నిలబడి ఉంది సిస్టరమ్మ. ఎదురుగా కాలనీ మేనేజరు.

"ఏడింటికే గేటు మూయడానికి మేమేమైనా కోళ్ళమా బాబూ, గంప కింద పెట్టి మూయడానికి? తొమ్మిదింటి దాకా తెరిచి ఉండాలి. ఇదిగో, అందరి సంతకాలూ!"

హాలంతా చప్పట్లు. మేనేజరు చెమట తుడుచుకుని కాగితం అందుకున్నాడు. గుమ్మంలో తన వాళ్ళని చూసి సిస్టరమ్మ బయటికొచ్చింది.

"ఇక్కడా గొడవేనా అమ్మా?" అన్నాడు కొడుకు, నవ్వు ఆపుకుంటూ.

కూతురు మాత్రం నవ్వట్లేదు. కళ్ళు తుడుచుకుంటోంది.

"నీకేమైందే?"

"నీ గొంతు విని ఎన్నేళ్ళయిందో అమ్మా. చిన్నప్పుడు నీ వార్డుకి వస్తే ఇలాగే వినపడేది. ఇంట్లో... ఇంట్లో కిటికీ తీయాలన్నా ఎవరో ఒకరిని అడిగేదానివి. ఏం పోగొట్టామో మాకే తెలియలేదు."

సిస్టరమ్మ కూతురి చెంప మీద చెయ్యి వేసి ఒక్క క్షణం అలాగే నిలబడింది. లోపల్నుంచి ఎవరో కేకేశారు.

"వస్తున్నా!" అని జవాబిచ్చి, చీర కొంగు బిగించింది. "ఇంకా వీధిలైట్ల సంగతి తేల్చాలి. ఈసారి చెప్పి రండి. ఇప్పటికి ఆ బెంచీ మీద కూర్చోండి, అరగంటలో వస్తా."