ఏపుగా పెరిగిన సీసాలు

“కోడ్ వర్డ్?” అడిగాడు డిపార్ట్‌మెంట్ చీఫ్. ఏజెంట్లందరికీ ఆయన పెదనాన్న.

“‘ఈసారి పూత బాగుంది.’ దానికి జవాబు, ‘కాత సంగతి చూడాలి,’” అంది ఏజెంట్ పిచ్చుక.

“టిష్యూ కల్చర్ ల్యాబ్, మొక్క ముక్కల్ని సీసాల్లో పెంచే చోటు. దానిమ్మ. విదేశీ ముఠా అందులో జన్యులోపం ఉన్న కల్చర్ దించింది. దాని మొక్కలు విరగబూస్తాయి, కాయ నిలవదు. రైతుకు తెలిసేసరికి ఏళ్లు గడుస్తాయి. ల్యాబ్ ఇన్‌చార్జి వాళ్ల మనిషే. మారుపేరు ముత్యం. అందగత్తె. జాగ్రత్త.”

“ఆడదాన్ని, అందం నన్నేం చేస్తుంది పెదనాన్నా?”

అందం ఏమీ చెయ్యలేదు. సీసాలు కడిగే మనిషి వేషంలో చేరిన పిచ్చుకను ముత్యం మొదటిరోజే అక్కా అంది. నీళ్లలో నాని పగిలిన చేతులు చూసి తన గ్లవ్స్ ఇచ్చింది. “అక్కా, నీతో ఒక మాట,” అంటూ రెండుసార్లు దగ్గరికొచ్చింది. శత్రువు కథ వినకూడదని ట్రైనింగ్. రెండుసార్లూ పిచ్చుక కుళాయి పెద్దగా తిప్పింది.

మదర్ కల్చర్, అంటే తల్లి మొక్కల సీసాలు, మిగతా ల్యాబ్‌లకు బయల్దేరే ఉదయం. అక్కడ వాటినే కోసి లక్షల మొక్కలు చేస్తారు. ఒక ర్యాక్ సీసాల్లో మొక్కలు కిక్కిరిసి, ఏపుగా ఉన్నాయి. పక్క ర్యాక్‌లో పీలగా, పలచగా. ముత్యం ఏపైనవాటిని ఆవిరిలో ఉడికించే ఆటోక్లేవ్ వైపు తోస్తోంది.

మంచివాటిని చంపేస్తోందని పిచ్చుక మాస్క్ బిగించి పెన్ను క్లిక్‌మనిపించింది. గ్యాస్! ముత్యం కూలబడింది. బేడీలు పడ్డాయి. ఏపైన సీసాలన్నిటినీ పిచ్చుక తన చేత్తోనే వ్యాన్ ఎక్కించింది.

తిరిగొచ్చేసరికి ముత్యం కళ్లు తెరిచింది.

“ఎక్కించేశావా అక్కా? హార్మోన్ మోతాదు మించి పోసి, కోసిందే కోసి పెంచినవి అవి. ఆ ఒళ్లంతా జన్యులోపమే. మంచివి ఈ పీలవి. నేను ముఠాని వదిలేశా. అదే చెబుదామనుకున్నా...”

పిచ్చుక పరుగెత్తింది. వ్యాన్ గేటు దాటబోతోంది. వెనక తలుపు పట్టుకుని లోపలికి దూకింది. తుపాకీ ముట్టలేదు. బూజు సీసాలు కడిగీ కడిగీ ఆమెకు తెలిసిందొకటే, ఇవి బూజుపట్టి చావడానికి బయటి గాలి చాలు. మూతలు పీకింది. మాస్క్ లాగేసింది. రోడ్డు దుమ్ము ముక్కుకెక్కి, సీసాల మీద మనసారా తుమ్మింది.

ముఠా డ్రైవర్ దూకి పారిపోబోయి గేటు దగ్గరే కాపలావాళ్లకు దొరికాడు.

“శభాష్! ఏ వెపన్ వాడావ్?” ఫోన్‌లో పెదనాన్న.

“తుమ్ము.”

పిచ్చుక ల్యాబ్‌కి తిరిగొచ్చి బేడీలు విప్పింది. ముత్యం మణికట్లు కమిలిపోయాయి.

“ఒక్కసారి విని ఉంటే...” అంది పిచ్చుక.

“వినలేదుగా,” అంది ముత్యం. ఈసారి అక్కా అనలేదు.

పిచ్చుక గ్లవ్స్ విప్పి ఆమె పక్కన పెట్టింది. ఒట్టి చేతులతో కుళాయి సన్నగా తిప్పింది, మాట వినపడేంత సన్నగా.

“రావడం ఆలస్యమవుతుంది పెదనాన్నా,” అంది ఫోన్‌లో. “ వ్యానెడు సీసాలు కడగాలి.”