జాతర దాకా ఆపిన గోలీలు

"ఫోన్ అమ్మకివ్వండి."

"నాకు చెప్పరాదా మేడం?"

"మీకు చెప్పేది కాదండీ."

గంతే! ధర్మేందర్ ఉసూరుమని ఫోన్ అమ్మ చేతిల పెట్టిండు. ఫోన్ చేసిన ప్రశాంతి కోదాడ పిల్ల, మిర్యాలగూడలో ఆడవాళ్ల దవాఖానలో కౌన్సెలర్. అమ్మను చూపించను పోయిన మొదటి రోజే, బండి గేటుకు అడ్డం పెట్టిండని మనోణ్ని చెడామడా తిట్టింది. అప్పటి నుంచి సూర్యాపేటలో ఇంటి ముందరున్న తన మొబైల్ షాపులో కూసొని ఆమె ఫోన్ కోసమే ఎదురుచూస్తుండు.

వాళ్లమ్మ కల్పన ఫోన్ పట్టుకొని పెరట్లోకి పోతది, ఏదో గొణుగుతది, వచ్చి ముఖం తిప్పుకుంటది.

"ఏమంటుందే ఆమె?"

"ఆడోళ్ల ముచ్చట. నీకెందుకురా?"

సంబంధం మాట్లాడుతున్నరా? వద్దనుకుంటున్నరా? వాడికి పిచ్చి పట్టినట్టయింది.

దానికి తోడు, ఆ దవాఖాన గోలీలు మొదలుపెట్టినంక హాయిగా తిరిగిన అమ్మ మళ్లీ మొదటికొచ్చింది. గజగజ వణికే చలిలో ఫ్యాన్ పెట్టుకొని చెమటలు తుడుచుకుంటది. నిద్ర లేదు, ఊరికే ఏడుపు. ధర్మేందర్ పరేషానై తనే ఫోన్ చేసిండు.

"అమ్మకు మళ్లీ చెమటలు, ఏడుపు. నా వల్లనే మేడం. మీరంటే నాకిష్టమని అమ్మ పసిగట్టి బాధపడుతుందేమో..."

అవతల ఫైలు తిరగేసిన చప్పుడు.

"ముందు అమ్మను తీసుకురండి," అంది ప్రశాంతి.

దవాఖానలో కల్పన కొడుకును బయటికి పంపలేదు.

"ఎన్నాళ్లు దాస్త బిడ్డా! గోలీలు ఆపేసిన. అవి వాడితే ఆగిపోయిన ముట్టు మళ్ల నెలనెలా వస్తది. పెద్దగట్టు జాతరల దేవునికి మా ఇంటి మొక్కుల గంప నెత్తికెత్తేది నేనే. గప్పుడే వస్తే?"

"ఫోన్ చేసినప్పుడల్లా వాడుతున్నానన్నారు కదమ్మా!"

"వీని ఫోన్ల అన్నీ రికార్డ్ అయితయంట. గీ మాట కొడుకు వింటే?"

ప్రశాంతి నవ్వు ఆపుకుంది. "ముట్టు రాకుండా వాడే మందులూ ఉంటాయి. మొదట్లో కొన్ని నెలలు కొంచెం కనిపించొచ్చు. జాతరకింకా టైముంది, డాక్టరమ్మ చూసి మారుస్తారు. మీ అంతట మీరు మాత్రం ఆపొద్దు."

ధర్మేందర్ ఆ సాయంత్రమే అమ్మకు వేరే ఫోన్ ఇచ్చిండు. కొత్త మందులతో కల్పన కంటినిండ నిద్రపోతుంది. వాడి ఫోనే మూగబోయింది. ఇష్టమని చెప్పినదానికి ఆ పిల్ల అవుననలేదు, కాదనలేదు. వాడికి అన్నం సయిస్తలేదు.

చివరికి ఓ పొద్దున మోగింది.

"అమ్మకిప్పుడు వేరే నంబరుంది మేడం," అన్నడు నీరసంగా.

"తెలుసు. గోలీల సంగతి అత్తమ్మను ఇందాకే అడిగాను. ఇది మీకు చేశాను."

వాడికేం అర్థం కాలేదు. "అత్తమ్మ ఎవరు మేడం?"

వంటింట్లోంచి కల్పన పకపకా నవ్వింది. "నేనేరా, మొద్దూ!"