ఎరుకమాని

సువర్చల సాగరదీప గోపురంలోకి అడుగుపెట్టేసరికి ఉదయం తొమ్మిదయింది. ఉద్యోగాలకు వెళ్ళేవాళ్ళు మెట్లు దిగుతున్నారు. ఒక్కరూ పక్కకు చూడటం లేదు. అందరి కళ్ళూ తమ చెప్పులకు మూరెడు ముందు, నేలమీదే ఉన్నాయి. వారం క్రితం ఇదే గోపురం పంతొమ్మిదో అంతస్తులో పద్నాలుగు మంది కాలిపోయారు కదా, ఆ దిగులు ఇంకా వదిలి ఉండదనుకుంది ఆమె.

అది రెండు వేల డెబ్బై తొమ్మిదో సంవత్సరం. కాకినాడ తీరం పొడుగునా అద్దె గోపురాలే. వాటిలోని ప్రతి వాటాలోనూ, ప్రతి అంతస్తు మెట్ల దగ్గరా, ఊళ్ళోని ప్రతి కార్ఖానాలోనూ, ఆఫీసులోనూ గుమ్మం పైన గోడకు రూపాయి బిళ్ళంత పరికరం ఒకటి అతికించి ఉంటుంది. దాని పేరు ఎరుకమాని. కనిపెట్టింది సువర్చలే.

ఉష్ణమాని వేడిని కొలిచినట్టు ఇది మనిషి ఎరుకను కొలుస్తుంది. ప్రమాదమొకటి కంటపడి మనసుకు తగిలిన క్షణంలో మెదడులో సన్నటి విద్యుత్ అల లేస్తుంది. దానికి ఆమె గుర్తింపు తరంగం అని పేరు పెట్టింది. పైపొర ఊడిన కరెంటు తీగ కావచ్చు, గడువు తీరిన మంటలార్పే సిలిండరు కావచ్చు, పాత సోఫాలు అడ్డం పెట్టిన అత్యవసర ద్వారం కావచ్చు. నిప్పు వల్ల ప్రాణానికి ముప్పు తెచ్చేది ఏదైనా సరే, అది ఎవరికి ఏ గంటకు తెలిసిందో గోడమీది సెన్సారు రాసిపెట్టుకుని, చిన్న ఎర్రదీపం వెలిగిస్తుంది.

అంతకు పూర్వం ఏ ఇల్లు తగలబడినా యజమాని అద్దెకున్నవాళ్ళ వంక వేలు చూపించేవాడు. వాళ్ళు యజమాని వంక చూపించేవాళ్ళు. కార్ఖానాల్లోనైతే మేనేజరు కాంట్రాక్టరును, కాంట్రాక్టరు చచ్చిపోయిన కూలీని అనేవాళ్ళు. ఎరుకమాని వచ్చాక ఆ తగువు తీరిపోయింది. తెలిసినవారిదే బాధ్యత అన్నది కొత్త చట్టం. తెలిసిన గంట నుంచి ఒక రోజులోగా సరిచేయాలి, చేతకాకపోతే తన నివాస సంఖ్యతో ఫిర్యాదు నమోదు చేయాలి. రెండూ చేయనందువల్ల మనిషి చనిపోతే ఏడేళ్ళ జైలు. మొదటి మూడేళ్ళలో అగ్నిప్రమాదాలు సగానికి పడిపోయాయి. సువర్చల మెడలో దేశం పతకం వేసింది.

నాలుగో ఏట మంటలు మళ్ళీ పెరిగాయి. కానీ కాలిన ఇళ్ళలో ఎరుకమానులు ఖాళీగా దొరికేవి. ముందుగా ఎవరికీ ఏమీ తెలియలేదని అవి చెప్పేవి. కాలిబ్రేషన్ లోపం అయి ఉంటుందని సువర్చల రెండేళ్ళుగా అనుకుంటూ వచ్చింది.

ఆమె సహాయ శాస్త్రవేత్త యూనుస్ పలక చేత్తో పట్టుకుని ఎదురొచ్చాడు.

"మంటకు ముందు రెండు రోజులూ మొత్తం చూశాను మేడమ్. తొమ్మిది వందల మంది ఉన్న బిల్డింగులో ఒక్క పేరే ఉంది. నూకరత్నం. మెట్లు ఊడ్చే మనిషి."

"యజమాని వీర్రాజుగారిది?"

"లేదు. సూపర్‌వైజరుదీ లేదు. కేబుళ్ళు మాడిన షాఫ్టు ముందు నుంచి ఆయన రోజూ నాలుగు సార్లు నడిచాడు."

సువర్చల సంచిలోంచి మాడిన తీగ ముక్క తీసి, పద్దెనిమిదో అంతస్తు గుమ్మం కింద నిలబడి దానికేసి చూసింది. ఎర్రదీపం వెంటనే వెలిగింది. యంత్రంలో ఏ లోపమూ లేదు.

పన్నెండో అంతస్తులో అద్దెకుంటున్న కమలిని అనే టీచరు తలుపు తీసింది గానీ లోపలికి రమ్మనలేదు. "కిందికి పోయి మాట్లాడుకుందామండి. ఇక్కడ దీపం ఉంది," అంది. ఆరుబయట ఎరుకమానులు ఉండవు. ఇద్దరూ ఆవరణలో సిమెంటు బల్లమీద కూర్చున్నారు.

"రెండు రోజులు మాడు వాసన వచ్చింది కదా, మీకు తెలియలేదా?" అని అడిగింది సువర్చల.

"నేను ముక్కులో చుక్కలు వేసుకుంటానండి. ఇక్కడ అందరం వేసుకుంటాం."

"ఎందుకు?"

"వాసనొస్తే తెలిసిపోద్ది కదండి." మందబుద్ధి పిల్లకు లెక్క చెబుతున్నట్టు ఓపిగ్గా చెప్పింది కమలిని. "యజమానిగారు మంచోరండి. చూపు సడలింపు తరగతులు కూడా ఆయనే పెట్టించారు. అద్దె కాగితంలోనే ఉంది, హాజరవ్వాలని. దేనిమీదా చూపు ఆనకుండా ఎలా నడవాలో నేర్పుతారు. మొదట్లో తల తిరుగుద్ది, తర్వాత అలవాటైపోద్ది. మా అమ్మాయికి నాలుగో ఏటికే వచ్చేసిందండి. పొయ్యి పక్కన దాని గౌను అంటుకున్నా అటు చూళ్ళేదు."

ఆ మాట అంటున్నప్పుడు ఆ తల్లి ముఖంలో ఉన్నది గర్వమేనని సువర్చలకు అర్థమవడానికి కాస్త సమయం పట్టింది. పొద్దున తాను మెట్లమీద చూసింది దిగులు కాదని కూడా అప్పుడే అర్థమైంది.

నూకరత్నం పెద్దాసుపత్రి వరండాలో మంచంమీద ఉంది. వార్డులో చోటు లేదు. రెండు చేతులకూ మోచేతుల దాకా కట్లున్నాయి.

"వాసన ఎప్పుడొచ్చింది?" అని అడిగింది సువర్చల.

"మంగళారం పొద్దున్నేనండి. ఊడుస్తుంటే షాఫ్టు తలుపు చెయ్యి పెట్టలేనంత కాలిపోతంది. సూపరువైజరుగారికి చెప్దామని ఎళ్ళాను. నా మొహం చూసి ఆయన చెవుల్లో ఏటో పెట్టేసుకున్నారు. రత్నం, నువ్వేం చెప్పొద్దు, నాకు పెళ్ళాం పిల్లలున్నారన్నారు."

"ఫిర్యాదు నమోదు చేయలేదా?"

"ఆ ఫిర్యాదుల పెట్టి నంబరడిగిందండి. అక్కడ కాపరం ఉన్నోళ్ళకే అంట నంబరు. నేను రోజుకూలీని కదా." ఆమె కట్ల చేతుల్ని ఒళ్ళో సర్దుకుంది. "గురువారం పదకొండింటికి పొగొచ్చేసింది. పంతొమ్మిదిలో అన్ని తలుపులూ కొట్టేనండి. లోపల మనుషులున్నారు, అడుగుల చప్పుడు తెలుస్తానే ఉంది. ఒకాయన, ఎవరో పాపం పిచ్చిది, ఇనకండి అని ఇంట్లోవాళ్ళకి చెప్తున్నాడు. తలుపులు ఇనప రేకులు. చేతులు కాలిపోతన్నా కొట్టేను. తర్వాత లోపల పాటలు పెద్దగా పెట్టేరండి."

"ఎవరూ తీయలేదా?"

"ఆయ్, తీసేరు. ఆఖర్న తీసేరు. అప్పటికి బయట నేనే కనపళ్ళేదంటే చూడండి పొగ."

సువర్చల ఆ కట్లకేసి చూసింది. తాను నిర్లక్ష్యాన్ని శిక్షించే యంత్రం చేశాననుకుంది. అది శిక్షించేది నిర్లక్ష్యాన్ని కాదు, ఎరుకను. మనిషి దగ్గర రెంటిలో ఏది వదులుకోవడం సులువో ఆమె ఎన్నడూ ఆలోచించలేదు.

విచారణ మర్నాడు మధ్యాహ్నం, కలెక్టరేటు హాల్లో. వీర్రాజు తెల్లచొక్కా వేసుకుని వచ్చి, చనిపోయినవాళ్ళ కోసం రెండు నిమిషాలు నిలబడి, కళ్ళు తుడుచుకున్నాడు. నూకరత్నాన్ని చక్రాల కుర్చీలో తెచ్చారు. శాస్త్రవేత్త తేల్చవలసినది ఒక్కటే. పరికరం సరిగ్గా పనిచేసిందా లేదా.

పక్కగదిలో యూనుస్ పరికరంలో లోపం లేదన్న నివేదిక కాగితం ముందు పెట్టాడు. సువర్చల కలం తీసి మూసింది.

"యూనుస్, నేను వేరే నివేదిక రాస్తాను. ఈ నాలుగు కోట్ల ఎరుకమానులూ..."

"మేడమ్." అతను గొంతు తగ్గించాడు. గుమ్మం పైకి చూడలేదు గానీ అక్కడేముందో ఇద్దరికీ తెలుసు. "ఆ మాట పైకి అనొద్దు. ఈ గదిలో మనసులో కూడా అనుకోవద్దు. అనుకున్న క్షణం నుంచి మీకు ఇరవై నాలుగు గంటలే ఉంటాయి. దేశంలో ఉన్నవన్నీ ఒక్కరోజులో పీకించగలరా? రేపు సాయంత్రం నుంచి ఎక్కడ ఎవరు కాలిపోయినా మొదటి పేరు మీదే."

"ఆమె ఆ అంతస్తులో ప్రతి తలుపూ కొట్టింది."

"నంబరు లేదు కదా మేడమ్. చట్టం రాసిన కమిటీలో మీరూ ఉన్నారు."

హాల్లోంచి పిలుపు వచ్చింది. సువర్చల కాగితం పట్టుకుని వెళ్ళి కూర్చుంది. బల్లకు అటువైపు నుంచి నూకరత్నం ఆమెను గుర్తుపట్టి కొంచెం నవ్వింది.

"అమ్మా, మీరు నిన్న అన్నీ ఇన్నారు కదా. మీకు తెలుసు కదండి. ఈళ్ళకి చెప్పండి."

విచారణ సంఘం సభ్యులు ముగ్గురూ గుమ్మం పైనున్న దీపం వైపు చూశారు. సువర్చల తల ఎత్తింది. ఎదురుగా ఒక మనిషి ఆకారం, దాని ఒళ్ళో తెల్లగా రెండు మూటలు కనిపించాయి. ఆ తెల్లదనం ఏమిటో ఆమె చూపు అడగలేదు. ఒక పెదవి కదులుతోంది. ఆ శబ్దం మాటలుగా మారకముందే ఆమె దాన్ని పక్కకు పోనిచ్చింది. ఎవరి దగ్గరా ఒక్క పాఠం నేర్చుకోకుండానే అది ఆమెకు వచ్చేసింది.

"ఈమె ఏమంటున్నదో నాకు అర్థం కావడం లేదు. పరికరం సరిగ్గానే పనిచేసింది," అని చెప్పి సంతకం పెట్టింది.

దీపం వెలగలేదు. సభ్యుల్లో పెద్దాయన ఊపిరి వదిలి, ఏడేళ్ళు అని చదివాడు. నూకరత్నాన్ని కుర్చీతో సహా బయటికి తీసుకెళ్ళారు. దారిలో అందరూ ఆమెకు మర్యాదగా చోటిచ్చారు, కళ్ళు నేలమీద పెట్టుకుని.