సంజాయిషీ అంటే ఏంది?

ఎమ్మిగనూరులో ఆదోని బస్సు ఎక్కుతూ దేవేంద్రప్ప ఒక మూట తొక్కాడు. మూటలో ఉన్నవి జొన్నరొట్టెలు. అవి సుభద్ర ఆదోనిలో ఉన్న తన అక్కకోసం తీసుకుపోతున్నవి. కాలి కింద పటపటమని విరిగాయి.

"ఏమప్పా, కండ్లు యాడ పెట్టుకున్నావు?"

"సూసుకోల్యా."

"సూసుకోకుండా తొక్కితే రొట్టె రొట్టెగా ఉంటాదా? మా అక్కకు నేనేం సెప్పాల?"

"సంజాయిషీ నేనిస్తాలే."

ఆ పిల్ల కోపం మరిచిపోయి అతని మొహంలోకి చూసింది. "ఏందిస్తావు? తినేదా అది?"

దేవేంద్రప్పకు నవ్వొచ్చింది. అతని తప్పేమీ లేదు, ఆ మాట నోటికి అంటుకుపోయింది. ఆదోనిలో ఒక పత్తి జిన్నింగు ఫ్యాక్టరీలో గుమాస్తా అతను. పనికి ఆలస్యంగా వచ్చినవాళ్ళను సంజాయిషీ అడుగుతూ కాగితాలు రాయడం ఉద్యోగం. ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధాని అయిన కొత్తలో మేనేజరుకు తెలుగు మీద మోజు పుట్టి, ఆ కాగితాలు మరీ ఎక్కువయ్యాయి. సెలవుకు సొంతూరు నందవరం పోతే, అన్నం మాడిందని వాళ్ళమ్మనే సంజాయిషీ అడిగేంత వరకు వచ్చింది వ్యవహారం.

"తినేది కాదు. జరిగింది జరిగినట్టు ఇడమర్చి సెప్పడం. ఆఫీసుల్లో పెద్దోళ్ళ మాట," అన్నాడు.

చెప్పింది సగమే. తప్పు చేసినవాడినే అది అడుగుతారన్న మిగతా సగం మింగేశాడు. ఆ పిల్ల అంత శ్రద్ధగా వింటుంటే, తానేదో పండితుడైనట్టు అనిపించింది పాపం.

తర్వాత ఎప్పుడు నందవరం నుంచి తిరిగొచ్చినా, సుభద్ర ఎక్కే బస్సుకోసమే కాచుకునేవాడు. కిటికీ పక్క ఆమె, వెనక సీట్లో అతను. ఆమెకు చెప్పడానికి ఎప్పుడూ ఏదో ఒకటి ఉండేది.

"రాత్రి వానకు మగ్గం గుంతలోకి నీళ్ళొచ్చినాయి. సంజాయిషీ ఇస్తా, ఇను."

"ఇయ్యి, ఇయ్యి."

బస్సులో వెనక్కి తిరిగి చూసి నవ్వేవాళ్ళు. పెద్ద మాట వాడినందుకు మెచ్చుకుంటున్నారనుకుని ఆమె ఇంకాస్త గట్టిగా అనేది. నవ్వు ఎందుకో దేవేంద్రప్పకు తెలుసు. అయినా సరిదిద్దలేదు. ఆమె నోట ఆ మాట ముద్దుగా ఉండేది, అందుకని. ఇంతకంటే మంచి కారణం అతని దగ్గర లేదు.

ఇద్దరిదీ నేతగాళ్ళ కులమే. దేవేంద్రప్పకు వాళ్ళమ్మ సుంకులమ్మను పెళ్ళికి ఒప్పించడం కష్టం కాలేదు. బస్సు సంగతి మాత్రం ఇద్దరూ ఇంట్లో చెప్పలేదు. ముందే మాట్లాడుకున్నారంటే ఊరుకునే మనిషి కాదు అతని మేనమామ తిక్కయ్య.

ఆ తిక్కయ్యే ముందు నడవగా పెళ్ళిచూపులకు ఎమ్మిగనూరు వచ్చారు. సుభద్ర నాయన లక్ష్మప్ప చేనేత సొసైటీకి చీరలు నేసేవాడు. మగ్గం ఆపి, చాప పరిచి, అందరికీ బొరుగుల ఉగ్గాని పెట్టించాడు. బయట జల్లు పడుతోంది. సుభద్ర తలుపు పక్క నిలబడి దేవేంద్రప్పను ఓరగా చూసింది. ఆ సంతోషంలో అతను ఉగ్గాని రెండోసారి పెట్టించుకున్నాడు.

తిక్కయ్య ఊరికే మాట కలిపాడు. "ఏం పాపా, ఆదోనికి శానా మాట్లు పోతావంటనే. ఒంటిగానే పోతావా?"

సుభద్ర తల ఎత్తింది. పెద్దవాళ్ళ ముందు పెద్ద మాటే బాగుంటుందనుకుంది.

"దానికి సంజాయిషీ ఇస్తాను మామా."

తిక్కయ్య ఉగ్గాని పళ్ళెం కింద పెట్టాడు.

తిక్కయ్య కరణం దగ్గర పనిచేసినవాడు. ఆ మాట ఎవరు ఎప్పుడు వాడతారో అతనికి బాగా తెలుసు. "సంజాయిషీ ఇచ్చుకునేంత పని ఏం జేసినావమ్మా?"

"ఏం జేసేది? అక్క ఇంటికి పోయేది, వచ్చేది." ఆమెకు ఏం తప్పు జరిగిందో తెలియలేదు. మాట నేర్పినవాడి వైపు చూసింది.

నేనే నేర్పినాను మామా అంటే సరిపోయేది. కానీ యాడ నేర్పినావని అడుగుతారు. బస్సులో అనాలి. అక్కడి నుంచి అంతా లాగుతారు. దేవేంద్రప్ప తల వంచుకుని ఉగ్గానిలో వేరుశనగ బుడ్డలు ఏరుకున్నాడు.

తిక్కయ్య చెయ్యి కడుక్కుని లేచాడు. "పాప నోటితోనే వచ్చింది. మేమేం అన్ల్యా."

వాళ్ళు వీధి చివరికి చేరేలోపే మాట ఊరంతా పాకింది. లక్ష్మప్ప కూతురు ఆదోనిలో ఏదో చేసిందంట, తానే ఒప్పుకుందంట అని.

దేవేంద్రప్పకు వారం రోజులు తిండి సయించలేదు. ఆఖరికి మేనమామకు జరిగిందంతా చెప్పి, తిట్లు తిని, వానలో తడుస్తూ ఒంటరిగా ఎమ్మిగనూరు వచ్చాడు. మగ్గం పక్కన నిలబడి లక్ష్మప్పకు బస్సు సంగతి, మాట సంగతి ఏదీ దాచకుండా చెప్పాడు.

లక్ష్మప్ప తెగిన పోగు ఒకటి ముడివేశాడు. "ఇంత దానికి నా బిడ్డ పరువు తీస్తిరి కదప్పా," అన్నాడు. తర్వాత మెత్తబడ్డాడు. "సరే, వచ్చి సెప్పినావు. పాప ఊఁ అంటే నాకు అడ్డంల్యా. పో, మాట్లాడు."

సుభద్ర వెనక వసారాలో రాట్నం మీద నూలు కండెలు చుడుతోంది. మాటలన్నీ విన్నట్టే ఉంది.

"మీ నాయన ఒప్పుకున్నాడు," అన్నాడు దేవేంద్రప్ప.

"నాకు ఆ మాటకు అర్థం తెల్ల్యా. అందుకు నాకు సిగ్గుల్యా. నీకు తెలుసు కదా?"

"భయపడినాను సుభద్రా."

"మామ ముందర భయం, సరే. బస్సులో జనం నవ్వినప్పుడు ఎవరికి భయపడినావు?"

అతను చేటలోని కండె ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. ఆమె రాట్నం ఆపింది.

"నువ్వంటే ఇష్టం పోల్యా. అదే నా ఖర్మ," అంది ఆమె. "కానీ రేపు నలుగుర్లో నా మీద ఇంకో మాట పడుతుంది. నీ పక్క సూస్తాను. నువ్వు మళ్ళీ తల వంచుకుంటావు."

వంచుకోను అని చెప్పాలి. అది ఒక్కటే చెప్పాలి. నిజంగా వంచుకోనా అని దేవేంద్రప్ప తనను తాను అడిగి చూసుకున్నాడు. జవాబు వెంటనే రాలేదు. ఆమె అతని మొహం చూస్తూ కొంచెంసేపు ఆగింది. తర్వాత కండెలు చేటలో వేసుకుని లోపలికి పోయింది.