రెండో డ్రాప్‌లో ఈల

గోడ మీద గాజుపెంకులున్నాయని చెయ్యి వేశాకే తెలుస్తుంది.

అరచెయ్యి తెగింది. రక్తం మణికట్టు దాకా కారుతోంది. నొప్పి మాత్రం లేదు. ఉండాలి కదా?

ఆమె ఆగదు. రెండో చెయ్యి కూడా వేసి పైకి లేస్తుంది. అవతలంతా చీకటి. ఎంత లోతో తెలీదు.

దూకేసింది.

ధన్!

కాలి కింద ఏదో రేకుడబ్బా నుజ్జయింది. ఎక్కడో కుక్క ఒకసారి మొరిగి ఊరుకుంది. గోడకి అతుక్కుపోయి నిలబడింది. ఎవరూ రాలేదు.

ఫోన్ తీసి, వెలుగు బయటికి పడకుండా చొక్కా అంచుతో కప్పుకుని చూస్తుంది. అన్నయ్య కొత్త ట్రాక్. కింద కామెంట్లు. రేడియో అక్క కామెంటు ఇంకా అక్కడే ఉంది.

'రెండో డ్రాప్ దగ్గర ఈ ఈల ఏంటి నాయనా? చెవులు కోసుకుపోతున్నాయి. ముందు దాన్ని తీసెయ్.'

దాని పక్కనే ఆ కామెంటు చూసినవాళ్ల పేర్లు. బాబాయ్ పేరు లేదు.

ఇంకా చదవలేదు...

చదివాడంటే అన్నయ్యని బతకనివ్వడు.

*

ఈ సాయంత్రం వరకూ ఆమెకి తెలిసింది ఒక్కటే. అన్నయ్య మొన్నటి నుంచి కనిపించడం లేదు. ఫోన్ ఎత్తడం లేదు. స్టూడియోలో హెడ్‌ఫోన్స్ కూడా లేవు.

అన్నాచెల్లెళ్లిద్దరిదీ ఒకటే పని. క్లబ్బుల్లో వాయించే డాన్స్ ట్రాకులు చేస్తారు. చేసింది చేసినట్టు బయటికి వదలరు. ఈ పనిలో ఉన్నవాళ్లెవరూ వదలరు. ముందు నమ్మకమైన మనుషులకి ఒక రహస్య లింకు వెళ్తుంది. వాళ్లు కార్లో వింటారు, క్లబ్ స్పీకర్ల మీద వింటారు, ఎక్కడ బాగుంది, ఎక్కడ చెడింది, సరిగ్గా ఆ చోటే కామెంటు పెడతారు. మొహమాటాలుండవు. మొహమాటపడే మనిషికి మళ్లీ లింకు వెళ్లదు.

వీళ్ల లింకు వెళ్లేది ముగ్గురికే.

ఒకడు గడ్డం. క్లబ్ డీజే. ఆ గడ్డం చూసి ఎవరో పెట్టిన పేరు, అసలు పేరు వాళ్లమ్మకి కూడా గుర్తుందో లేదో. ఇంకొకరు రేడియో అక్క, రేడియోలో పాటల షో చేస్తుంది. మూడో మనిషి బాబాయ్.

బాబాయ్ అంటే సొంత బాబాయే. నాన్న తమ్ముడు. నాన్న పోయాక ఇద్దర్నీ చెరో పక్కన కూర్చోబెట్టుకుని మిక్సింగ్ నేర్పింది ఆయనే. ఇప్పుడు ఒక పెద్ద మ్యూజిక్ కంపెనీ ఆయన చెవుల్నే నమ్ముకుంది. ఆయన విని 'సరే' అంటేనే అక్కడ ఏ ట్రాక్ అయినా విడుదలవుతుంది.

నిన్న పోలీస్ స్టేషన్‌కి కూడా ఆయనే తీసుకెళ్లాడు. బయటికొచ్చాక తల నిమిరాడు.

"అలిగి ఎక్కడో కూర్చుని ఉంటాడ్లేమ్మా. వాడి అలకలు నీకు కొత్తా?"

ఆమె తల ఊపింది. ఏడుపు వస్తే బాగుండేది. రాలేదు.

ఈ సాయంత్రం ఉన్నట్టుండి అన్నయ్య అకౌంట్ నుంచి లింకు వచ్చింది. 'అందరూ విని చెప్పండి.' అంతే, ఇంకొక్క ముక్క లేదు.

బతికే ఉన్నాడు అనుకుంది. సంతోషం కూడా రాలేదు. లోపల ఎవరో మెయిన్ స్విచ్ ఆపేసినట్టుంది.

ట్రాక్ పెట్టింది. రెండో డ్రాప్... అంటే పాట ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి మళ్లీ మీద పడే చోటు. అక్కడ బీట్‌తో పాటు సన్నగా, పదునుగా ఒక ఈల. చెవిలో సూది దింపినట్టుంది. అన్నయ్య ఇలాంటి తప్పు చస్తే చెయ్యడు.

కామెంట్లు చూసింది. గడ్డం ఈల గురించే తిట్టాడు. రేడియో అక్క కూడా ఈల గురించే. వాళ్లిద్దరికంటే ముందే బాబాయ్ పెట్టిన కామెంటు వాళ్ల పైన ఉంది.

'అద్భుతం రా. ఒక్క శబ్దం కూడా ముట్టుకోకు. ఇలాగే వదిలేద్దాం.'

మళ్లీ చదివింది.

పక్కగదిలో ఫ్యాన్ తిరుగుతున్నా "ఆపండ్రా దాన్ని" అనే మనిషి. ఇంత ఈల ఎలా వదిలేశాడు?

వదిలెయ్యలేదు. ఆయనకి వినపడలేదు!

కంప్యూటర్ ముందు కూర్చుంది. ఆ ఈలని విడదీసి, దాని శ్రుతి కిందికి దించింది. ఇంకా దించింది. ఇంకా...

ఈల మాటలయింది. అన్నయ్య గొంతు.

"బాబాయ్ గోడౌన్‌లో ఉన్నా. పాత స్పీకర్లుండేది. కట్టేశాడు. ఇది ఆయనకి వినపడదు. పోలీసులకి చెప్పు."

*

వెంటనే గడ్డానికి ఫోన్ చేసింది.

"చెప్పు తల్లీ."

"నీ కామెంటు తీసెయ్. ఇప్పుడే."

"ఎందుకే? అంత దరిద్రంగా ఈల పెడితే మెచ్చుకోమంటావా?"

"అది అన్నయ్య గొంతు."

అంతా చెప్పింది. వార్తలు చదివినట్టు చెప్పింది.

"తీసేశా," అన్నాడు గడ్డం. "మరి రేడియో అక్కది?"

"లైవ్ షోలో ఉంది. ఫోన్ ఎత్తదు."

"బాబాయ్ అది చదివితే..."

"ఈలేంటని మళ్లీ వింటాడు. వినపడదు. తనకి వినపడనిదేదో అన్నయ్య అందులో దాచాడని తెలిసిపోతుంది."

"విను. నేను స్టేషన్‌కెళ్లి పోలీసుల్ని వెంటబెట్టుకొస్తా. నువ్వు గేటు బయట ఉండు. లోపలికి గానీ వెళ్లావో, కాళ్లు విరగ్గొడతా."

"సరే."

గేటు బయట నిలబడింది. ఫోన్ చూసింది. రోడ్డు చూసింది. మళ్లీ ఫోన్ చూసింది. పోలీసులు రాలేదు. ఆ కామెంటు పోలేదు. ఇక నిలబడడం ఆమె వల్ల కాలేదు.

*

ఇప్పుడు గోడ లోపల, చీకట్లో, ఫోన్‌లో పేజీని మరోసారి రిఫ్రెష్ చేసింది.

చూసినవాళ్లు... రేడియో అక్క, గడ్డం, బాబాయ్.

బాబాయ్!

పరుగు.

వెనక తలుపు గొళ్లెం తుప్పు పట్టి ఉంది. భుజంతో గుద్దింది. ఇంకోసారి. మూడో దెబ్బకి ఊడింది. లోపల వరసగా పాత స్పీకర్లు, బీరువాలంత ఎత్తు. వాటి సందుల్లోంచి చివర్న నీలంగా ఒక వెలుగు.

అన్నయ్య!

కుర్చీలో ఉన్నాడు. ఎదురుగా కంప్యూటర్, మిక్సర్. చెవులకి హెడ్‌ఫోన్స్. కాలికి గొలుసు, గొలుసుకి తాళం, అవతలి కొస ఇనప స్తంభానికి. భుజం మీద చెయ్యి వేస్తే ఎగిరిపడ్డాడు.

"పోలీసులేరీ?"

"గడ్డం తెస్తున్నాడు."

"మరి నువ్వెందుకొచ్చావే?"

"చదివేశాడు. రేడియో అక్క కామెంటు."

ఆమె గొలుసు లాగుతోంది. ఊడేది కాదని తెలుసు. అయినా లాగుతోంది.

"ఎందుకు కట్టేశాడు?"

"చెవులు పోయాయి ఆయనకి. ఈలల్లాంటి సన్నటి శబ్దాలేవీ వినపడవు. ఎప్పట్నుంచో దాస్తున్నాడు. కంపెనీకి చెప్పేయ్ బాబాయ్ అన్నా. నువ్వు చెప్పకపోతే నేను చెప్తానన్నా. రాత్రికి భోజనానికి రారా, మాట్లాడదాం అన్నాడు."

"వెళ్లావా?"

"బాబాయ్ కదే. వెళ్లనా?"

"మరి ట్రాక్ ఎందుకు పంపించాడు?"

"నేను బతికే ఉన్నానని నువ్వు నమ్మడానికి. పైగా అందరికీ వినిపించకుండా ఏదీ వదలకూడదట. ఆయన నేర్పిందే కదా."

టింగ్.

ఆమె ఫోన్ తెర మీద కొత్త కామెంటు. బాబాయ్ నుంచి, రేడియో అక్కకి జవాబు.

'ఏ ఈల?'

ఇద్దరూ కదల్లేదు.

ముందువైపు షటర్ పైకి లేస్తున్న చప్పుడు.

*

బాబాయ్ మెల్లగా నడుచుకుంటూ వచ్చాడు. కాళ్లకి ఇంటి చెప్పులు. ఇల్లు ఈ వీధి చివరే. చేతిలో పిస్టల్. ఒకప్పుడు సొంతంగా క్లబ్ నడిపిన రోజుల్లో లైసెన్స్ తీసుకున్నాడు, అది ఇంట్లో అందరికీ తెలుసు.

ముందు ఆమె చేతి వంక చూశాడు.

"ఏమైందమ్మా? రక్తం కారుతోంది."

"గోడ మీద గాజుపెంకులు."

"నేనే పెట్టించాను. దొంగల భయం." నిజంగానే బాధపడ్డాడు. "కడుక్కుని గుడ్డ కట్టుకో, సెప్టిక్ అవుతుంది."

పిస్టల్ మాత్రం అన్నయ్య వైపే ఉంది.

"వాణ్ని వదిలెయ్ బాబాయ్. మేం ఎవరికీ చెప్పం."

"చెప్తారమ్మా. నేనే పెంచాను మిమ్మల్ని. మీకు అబద్ధాలు రావు."

ఆమెకి భయం వెయ్యాలి. కోపం రావాలి. మొన్నటి నుంచి అన్నీ ఎక్కడో ఇరుక్కుపోయాయి. ఆలోచన మాత్రం చకచకా నడుస్తోంది. గడ్డం ఈపాటికి బయల్దేరి ఉంటాడు. ఈయన్ని కాసేపు మాటల్లో పెట్టాలి. అంతే.

మాటల్లో పెట్టాల్సిన పని లేకపోయింది. ఆయనే అడిగాడు.

"ఆ ఈల వినిపించు."

"ఏంటి?"

"ఈల ఒక్కటే. మిగతావన్నీ ఆపెయ్. పెద్ద స్పీకర్ల మీద పెట్టు."

"బాబాయ్, వద్దు..." అన్నాడు అన్నయ్య.

"నువ్వు నోర్ముయ్ రా. చిన్నదానా, పెట్టమ్మా."

ఆమె మిక్సర్ దగ్గరికి వెళ్లింది. అప్పుడే తట్టింది. స్పీకర్లు మోగితే బయట బూట్ల చప్పుడు వినపడదు! పోలీసులు పక్కకొచ్చి నిలబడినా ఈయనకి తెలీదు. శబ్దాన్ని శబ్దంతో కప్పడం. రోజూ చేసే పనే.

మొన్నటి నుంచి మొదటిసారి లోపల ఏదో చిన్నగా కదిలింది. అది ఆశ అని గుర్తుపట్టడానికి కాస్త సమయం పట్టింది.

ట్రాక్‌లో మిగతా శబ్దాలన్నీ ఆపేసింది. ఈల ఒక్కటే ఉంచి, ఆగకుండా తిరిగేలా పెట్టింది. శబ్దం పెంచే మీట మీద వేలు వేసి పైకి తోసింది.

కీ.........!

పళ్లు జివ్వుమన్నాయి. కళ్లలో నీళ్లు తిరిగాయి. అన్నయ్య రెండు చేతులతో చెవులు మూసుకుని ముందుకి వంగిపోయాడు.

బాబాయ్ సరిగ్గా స్పీకర్ ఎదురుగా నిలబడ్డాడు. బస్సు కోసం చూస్తున్న మనిషిలా.

పెదాలు కదిలాయి. 'పెట్టావా?'

ఆమె తల ఊపింది.

'ఇంకా పెంచు.'

పెంచింది. చివరిదాకా పెంచింది. ఒక చెవిని భుజానికి నొక్కుకుంది, ఇంకో చెవిలో వేలు పెట్టుకుంది. ఇక ఈల తప్ప లోకంలో ఏమీ లేదు.

బాబాయ్ స్పీకర్‌కి చెవి ఆనించాడు. కళ్లు మూసుకున్నాడు. ఇంత దగ్గర్నుంచి చూస్తే బాగా ముసలివాడైపోయాడు. ఆయన్ని చూస్తే జాలేసింది. అన్నయ్యని చంపడానికి వచ్చిన మనిషిని చూసి జాలేసింది, ఏం చేస్తాం.

'ఏమీ లేదమ్మా,' అన్నాయి పెదాలు. 'ఏమీ లేదు.'

పిస్టల్ కిందికి వాలింది. ఇంకొక్క నిమిషం... పోలీసులు వచ్చేస్తారు.

బాబాయ్ తల తిప్పాడు.

చటుక్కున. వెనక తలుపు వైపు.

ఆమె కూడా చూసింది. ఏమీ లేదు. ఏమీ వినపడలేదు. ఎలా వినపడుతుంది, ఇంత ఈల మోగుతుంటే?

ఈల మోగుతోంది... ఎవరికి?

గబుక్కున బాబాయ్ వంక చూసింది.

ఈల తనకి. అన్నయ్యకి. బాబాయ్‌కి ఈ గది నిశ్శబ్దంగా ఉంది! చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దం. ఈ గదిలో చెవులు పనిచేస్తున్నది ఆయన ఒక్కడికే. మిగతా ఇద్దర్నీ చెవిటివాళ్లని చేసింది తనే.

బాబాయ్ వింటున్నాడు. బయట ఎవరో నడుస్తున్నారు. ఎవరో ఏదో అంటున్నారు. ఆయన మొహం చూస్తేనే తెలుస్తోంది.

పిస్టల్ లేచింది.

"రావద్దు!" అరిచింది. తన అరుపు తనకే వినపడలేదు.

గొళ్లెం ఊడిన తలుపు కదిలింది. సందు పెద్దదైంది. సందులోంచి ముందు ఒక చెయ్యి, తర్వాత గడ్డం.

ఆమె మీట మీద పడి ఒక్క గుంజు గుంజింది.

ఈల ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దంలో గడ్డం గొంతు, విసుగ్గా, ఎప్పట్లాగే.

"ఎక్కడున్నావే తల్లీ? ఇందాకట్నుంచి పిలుస్తుంటే పలకవేం? పోలీసులు గేటు దగ్గరే..."

ఢాం!

గడ్డం మాట మధ్యలోనే ఆగిపోయింది.